చెవి అందిన పిల్లలు

సంతాప సభకు నన్ను పిలిచింది ఏడవడానికి కాదు, నవ్వించడానికి.

"నువ్వు ఆమె వెంట చానా తిరిగినవ్ గదనే. రెండు ముచ్చట్లు చెప్పు, జనం జర తేలికవడ్తరు," అన్నాడు బీడీ కార్ఖానా లెక్కలు చూసే మునీము. సభ కూడా కార్ఖానా వాకిట్లోనే పెట్టారు. తునికాకు కట్టల మీద తెల్ల దుప్పటి పరిచి దాన్ని వేదిక అన్నారు. సేటు లేచి, పోయిన మంత్రసాని బాన్సువాడ పసిపిల్లలందరికీ తల్లి అన్నాడు. ఆమెను ఇదే వాకిట్లోంచి మూడుసార్లు గెంటించింది ఆయనే. గెంటిన మునీము పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ గాలిలో ఉన్న తంబాకు దుమ్ముకు ఎవరి కళ్లయినా మండుతాయి, అది వేరే సంగతి.

నా వంతు వచ్చింది. నేను నోరు తెరవక ముందే నవ్వడానికి సిద్ధంగా కూర్చునే జనం మా ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆ రోజు తెరిచిన నోరు మళ్లీ మూసుకుని దిగిపోయాను. దానికీ నవ్వారు.

అందుకే రాస్తున్నాను. కాగితం నవ్వదు. నేను బడి వదిలింది నాలుగో తరగతిలో. తప్పులుంటే మా పంతులును అనుకోండి, పోతుంటే ఆయన ఆపలేదు.

ఆమె పేరు రాయను. ఊరు ఆమెను ఏనాడూ పేరుతో పిలవలేదు, అందరికీ అవ్వే. చచ్చిపోయాక కొత్తగా మొదలుపెట్టడం బాగుండదు.

అవ్వ నడిచేటప్పుడు చూపు మోకాళ్ల ఎత్తులో ఉండేది. పిల్లలు తిరిగే ఎత్తు అది. అంతకన్నా పైన ఏముందో ఆమెకు పట్టేది కాదు. అందుకని పెద్దవాళ్లను గుద్దుకునేది. ఒకసారి తహసీల్దారునే గుద్దుకుని, తల ఎత్తి చూసి, "నువ్వు ఎవరి కొడుకువు బిడ్డా?" అని అడిగింది. వెనక ఉన్న చప్రాసీ పళ్లు కొరికాడు. తహసీల్దారు పాపం నిజంగానే వాళ్ల నాన్న పేరు చెప్పాడు. "నా చేతుల వడ్డోనివి కాదు," అని ఆమె తన దారిన పోయింది.

దారిలో పిల్ల కనిపిస్తే చెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూసేది. అన్నం వాసన వస్తే వదిలేసేది. మట్టి వాసన వస్తే ముద్దు పెట్టుకునేది. తంబాకు వాసన వచ్చిందా, ఎక్కడికి పోతున్నదో ఆ పని మానేసి, పిల్లను నడిపించుకుంటూ ఆ ఇంటికి పోయేది. "ఈ చెయ్యిని అందరికన్న ముందుగాల పట్టుకున్నది నేను. అప్పుడు గీ వాసన లేకుండె. యాడికెల్లి వచ్చింది?" అని అడిగేది. తల్లి ఏం చెబుతుంది? వాసన ఎక్కడిదో అందరికీ తెలుసు. ఊరి చివర రేకుల షెడ్డు కింద, మేమందరం వరసగా కూర్చుని చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే చోటిది.

ఆమె దగ్గర నల్లదారం ఒకటి ఉండేది. పురిటి పిల్లకు ఇరవై ఒకటో నాడు మొలతాడు కట్టేటప్పుడు, ఆ దారంలోంచి బెత్తెడు తెంచి తన దారానికి ముడేసేది. అట్లా పెరిగి పెరిగి అది మోకు లాగా అయింది. దాన్ని నడుముకు చుట్టుకుని తిరిగేది. ఏ ముడి ఎవరిదో వేలితో తడిమి చెప్పగలదు. "ఇది దొర మోటరు మంజీర ఇసుకల దిగవడ్డ నాడు. ఇది దాని మీది శ్రావణం. గిది చూడు, కాలువల నీళ్లు మొదటిసారి వచ్చిన వారం." నిజాంసాగర్ నీళ్లు మా ఊరి కాలువలోకి వచ్చిన వారం ఆమె రెండు పురుళ్లు పోసింది. ఒకటి తహసీలు కచేరీలో కాగితాలు చూసే పెష్కారు సాబు ఇంట్లో. ఇంకొకటి నా వరసలోనే కూర్చుని బీడీలు చుట్టే ఒక సాలె ఆమె ఇంట్లో. ఆ రెండో పిల్లకు నీళ్ల పేరే పెట్టారు, గంగవ్వ అని. మేం గంగి అనేవాళ్లం.

అవ్వ ఒక్క మాట మాత్రం సహించేది కాదు. అందాజ. "పిల్లకు అందాజగ ఏడేండ్లు ఉంటయవ్వా," అని ఎవరైనా అంటే చీపురు తీసేది. "అందాజ మీద పప్పుల ఉప్పేసుకో. పిల్ల వయసు అందాజ మీద చెప్పకు. నేను ముడేసిన, నన్నడుగు."

వయసు మీద అంత పట్టుదల దేనికంటే, పన్నెండేళ్ల లోపు పిల్లలను కార్ఖానాలో పెట్టుకోరాదని సర్కారు కాయిదా ఒకటి ఉందని ఉర్దూ బడి పంతులు ఆమెకు చదివి చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమెకు పురుళ్లు సగం పని, దరఖాస్తులు సగం పని అయ్యాయి. ఆమె చెబుతుంటే పంతులు రాసేవాడు. ఆమె మోసుకుపోయి కచేరీలో ఇచ్చేది. ఆమె అడిగినవి రెండే. ఒకటి, పిల్లలను షెడ్డులోంచి పంపేయాలి. రెండు, ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లనూ రాసుకునే పుస్తకం కచేరీలో పెట్టాలి, మంత్రసాని మాట అందులో చెల్లాలి. లోపలికి రానివ్వకపోతే గుమ్మం మీద కూర్చునేది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు ఆమెను దాటుకునే పోవాలి. ఇందులో నీకేం లాభం అని అడిగారు. "పురిట్ల నొప్పులు వడ్డది మీ అమ్మ. లాభం ఆమెనే అడుగుండ్రి," అంది.

షెడ్డులో పిల్లల పని ఏమిటంటే, మేం చుట్టి పడేసిన బీడీల మూతులు గోటితో లోపలికి మడవడం. దానికి సన్న వేళ్లు కావాలి. తల్లి మోకాళ్ల ముందు పిల్ల కూర్చుంటుంది. పొద్దుగూకే దాకా అదే పని. చిన్నవేలి గోరు అరిగి నల్లబడుతుంది. గంగి అక్కడ ఆరో ఏట కూర్చుంది.

నా పని బీడీలు చుట్టడమే అయినా, సేటు నన్ను ఉంచుకున్నది నోటి కోసం. నవ్వుతున్నవాళ్లు మొత్తుకోరు, చేతులు ఆగవు. నా మాటలకు అందరికన్నా ఎక్కువ నవ్వేది గంగి. మెడ వెనక్కి వాల్చి నవ్వేది. ఆ నవ్వు చివరికి దగ్గులోకి దిగేది. దగ్గు మొదలైతే ఆగేది కాదు. ఒకరోజు వాళ్లమ్మ చుట్టడం ఆపకుండానే నాతో అంది, "అన్నా, జర నవ్వియ్యకే. పిల్లకు దగ్గొస్తది."

నవ్వించొద్దని నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే. నేను వినలేదు.

గంగికి ఎనిమిదో ఏడు నడుస్తుండగా తనిఖీ అధికారి వచ్చాడు. ఊరికే రాలేదు. అవ్వ ఏళ్ల తరబడి ఇచ్చిన దరఖాస్తులు ఎక్కడెక్కడో తిరిగి, ఎవరి బల్లో నిండిపోతే, వదిలించుకోవడానికి ఆయన్ను పంపారు. మామూలుగా అయితే మునీముకు ముందే కబురు వస్తుంది, పిల్లలను వెనకున్న చెరుకు తోటలోకి తోలేస్తాడు. ఈసారి కబురు రాలేదు. పిల్లలందరూ షెడ్డులోనే దొరికారు. మునీము మొహం తడి తునికాకులాగా వేలాడింది.

అవ్వ గేటు దగ్గరికి వచ్చింది. మునీము చేసిన మొదటి పని ఆమెను బయటే ఆపించడం. ఆమె గేటు బయట కూర్చుని నడుముకున్న దారం విప్పి ఒళ్లో పెట్టుకుంది, పిలుస్తారని.

లోపల అధికారి ఉర్దూలో తల్లులను అడుగుతుంటే మునీము తెలుగులో చెబుతున్నాడు. "నీ బిడ్డకు ఎన్నేండ్లు?"

"తెల్వదు సాబ్."

"కాగితం ఉన్నదా?"

"మాకు కాగితాలేడివి సాబ్."

గంగి తల్లి తల ఎత్తలేదు. పిల్ల బయటికి పోతే ఆ రోజు చాట నిండదు. పిల్ల లోపల ఉంటే దగ్గు ఆగదు. ఆమె ఏది చెప్పాలి? అధికారి కలం పట్టుకుని నిలబడ్డాడు. ఏం రాయాలో తెలియడం లేదు. ఇంకొక్క నిమిషం ఆగితే, వయసు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగేవాడు. గేటు దగ్గర మనిషి ఉంది, ఒళ్లో దారం ఉంది.

షెడ్డంతా నిశ్శబ్దం. నిశ్శబ్దం నాకు పడదు. అదే నా రోగం.

"గింత ఫికర్ ఎందుకు సాబ్," అన్నాను. "నన్ను బడిల చేర్చుకునేటప్పుడు, నెత్తి మీదికెల్లి చెయ్యేసి అవతలి చెవి పట్టుకొమ్మన్నడు పంతులు. అందింది, చేర్చుకున్నడు. బీడీలకు గూడ గదే పెట్టుండ్రి."

అందరూ నవ్వారు. మునీము దాన్ని ఉర్దూలో చెప్పాడు. అధికారి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఆలోచించాడు. అప్పటికి నాకు భయం వేయాల్సింది, వేయలేదు.

పిల్లలను వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరే కుడిచెయ్యి నడినెత్తి మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోవాలి. ఆరేళ్లు దాటిన ప్రతి పిల్లకూ చెవి అందుతుంది. బడిలో దాన్ని పెట్టుకున్నదే అందుకు. పలకా బలపం ఇవ్వడానికి పనికొచ్చే కొలత. గంగి వంతు వచ్చింది. పిల్ల దాన్ని ఆట అనుకుంది. వేళ్లు సాగదీసి, చెవి కొస పట్టుకుని, సరిగ్గా చేశానా అన్నట్టు నా వైపు చూసింది.

నేను శభాష్ అన్నాను.

ఇద్దరు మరీ చిన్నవాళ్లకు అందలేదు. వాళ్లను ఇంటికి పంపమని, మిగిలినవాళ్లు పనికి తగిన వయసువాళ్లేనని అధికారి రాసుకున్నాడు. వయసు తెలియని చోట ఇక మీద ఇదే కొలత అని కూడా రాసుకుని పోయాడు. పోతూ గేటు దగ్గర ముసలమ్మ ఒళ్లో ఉన్న దారాన్ని దాటుకుని పోయాడు.

లోపల ఏం జరిగిందో ఎవరో చెప్పారు. అవ్వ లోపలికి వచ్చింది. ఆ రోజు మునీము ఆపలేదు, అవసరం తీరింది కదా. నా ముందు నిలబడి మొదటిసారి పైకి, నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. నా కుడిచెయ్యి పట్టి, నెత్తి మీదుగా తిప్పి, నా ఎడమ చెవి నాతోనే పట్టించింది.

"అందిందా?"

"అందిందవ్వా."

"పెద్దోనివైనవ్. ఇగ నా వెంట నడువు. మాట నువ్వన్నవు, నువ్వే వాపస్ తీసుకోవాలె."

అట్లా ఆమె వెంట తిరిగాను. సంతాప సభలో మునీము "చానా తిరిగినవ్" అన్నది ఈ తిరుగుడే. మొదట మా కచేరీ. తర్వాత బోధన్. ఆ తర్వాత పెద్ద అధికారి ఏ ఊళ్లో డేరా వేస్తే ఆ ఊరు. పోయిన ప్రతిచోటా నేను చెప్పవలసింది ఒక్కటే: "సాబ్, అది తమాషాకు అన్న మాట. దాన్ని కాయిదా చెయ్యొద్దు." వాళ్లు అడిగేది కూడా ఒక్కటే: "ఏంది ఆ మాట?" చెప్పేవాణ్ణి. నవ్వేవారు. పక్క గదిలోవాళ్లను పిలిచి మళ్లీ చెప్పించేవారు. ఒకాయన తన గుమాస్తాలందరినీ నిలబెట్టి చెవులు పట్టించాడు. అందులో లావుపాటి గుమాస్తా ఒకడికి అందలేదు. "వీడు ఇంకా పసిపిల్లోడు, ఇంటికి పంపుండ్రి," అని కడుపు పట్టుకుని నవ్వాడు. అవ్వ దరఖాస్తు ఆ బల్ల మీద టీ గ్లాసు కింద తడిసింది.

తిరిగి వస్తుంటే బండిలో దారం ముళ్లు తడుముకుంటూ కూర్చునేది. తర్వాత మెల్లగా అనేది. "బాగ చెప్తవురా కొడకా. జర బాగలేకుంట చెప్పరాదా?"

ప్రయత్నించాను. మొహం ముడుచుకుని చెప్పాను. దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. పుట్టిన దగ్గర నుంచి నవ్వించడమే నేర్చినవాడికి అది మానడం ఎట్లా వస్తుంది?

లావు గుమాస్తా సంగతి నన్ను వదల్లేదు. మా ఊరి దొర మనవడికి పదకొండేళ్లు. నెయ్యి తిన్న భుజాలు, చెయ్యి నెత్తి దాటదు. కొలత ప్రకారం వాడు పసివాడు. గంజి తాగే గంగి చెయ్యి పుల్లలాగా సాగుతుంది, అది పెద్దది. ఇది చెబితే అవ్వ నవ్వలేదు. "గిది చెప్పు కచేరీల," అంది. చెప్పాను. దొర మనవడి పేరు ఎత్తినందుకు చప్రాసీ నన్ను మెట్ల మీది నుంచి తోశాడు. ఆ ఒక్క మాటకు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

పెష్కారు సాబు చెడ్డవాడు కాదు. దరఖాస్తు తీసుకునేవాడు, మర్యాదగా పక్కన పెట్టేవాడు. కాయిదా మార్చడం తన చేతిలో లేదనేవాడు. ఒక మధ్యాహ్నం మేం గుమ్మం మీద కూర్చుని ఉండగా ఆయన కూతురు దాసీతో కలిసి తండ్రికి అన్నం గిన్నె తెచ్చింది. అవ్వ అలవాటుగా పిల్ల చెయ్యి పట్టుకుని వాసన చూసింది. సబ్బు వాసన వచ్చి ఉంటుంది.

"బిడ్డా, నెత్తి మీదికెల్లి చెవి వట్టుకో, చూస్త."

పిల్ల పట్టుకుంది. గంగి చూసినట్టే తండ్రి వైపు చూసింది, సరిగ్గా చేశానా అని.

అవ్వ లేచింది. దారంలో రెండు ముళ్లు వేళ్ల మధ్య పట్టుకుని లోపలికి పోయి, ఆయన బల్ల మీద పెట్టింది. "పెష్కారు సాబ్, గిది నీ బిడ్డ. దీని పక్కది గంగి. కాలువల నీళ్లొచ్చిన వారం. నీ ఇంట్ల పురుడు పోసి, తానం గూడ చెయ్యక దానింటికి ఉరికిన. ఇద్దరికీ చెవి అందుతుంది. రేపటికెల్లి నీ బిడ్డను గూడ పంపు. మూతులు మడిచేతందుకు సన్నవేళ్లు కావాల్నట."

ఆయన కుర్చీలోంచి లేచాడు. కొడతాడనుకున్నాను. చప్రాసీ కూడా అట్లాగే అనుకుని కర్ర తీశాడు. పెష్కారు చేత్తో వాణ్ణి ఆపి, కూతురిని ఇంటికి పంపి, కూర్చుని, ఆ పూట అన్నం తినకుండా పై అధికారికి కాగితం రాశాడు. చెవి కొలత తప్పని, మంత్రసాని మాట తీసుకోవాలని. అవ్వ దాన్ని చదవలేదు. మడతపెట్టిన కాగితాన్ని మాత్రం వాసన చూసింది.

ఆ కాగితానికి జవాబు రెండు వానాకాలాల తర్వాత వచ్చింది. సంగతి పరిశీలనలో ఉందట.

పరిశీలనలో ఉండగానే గంగి దగ్గులో నెత్తురు పడింది. దవాఖానలో క్షయ అన్నారు. అవ్వ తన ఇంటికి తెచ్చుకుని మేకపాలు తాగించింది. నేను రోజూ పోయేవాణ్ణి. పిల్ల ఏదైనా చెప్పమని సైగ చేసేది. నేను చెప్పేవాణ్ణి కాదు. నా నోరు ఒకరి మేలు కోసం మూతపడింది ఆ కొన్ని నెలలే. అప్పటికి చాలా ఆలస్యం. వరికోతల కాలంలో పోయింది.

మూడో నాటికి తల్లి మళ్లీ వరసలో కూర్చుంది. మోకాళ్ల ముందు గంగి చెల్లెలు. దానికీ చెవి అందుతుంది. సేటు తల్లికి కొత్త చీర పంపాడు. ఆయన దయగలవాడు, మనిషి పోయాక.

అవ్వ ఆ వారం కచేరీకి పోయింది. నన్ను రమ్మనలేదు, నేనే పోయాను. గుమ్మం మీద కూర్చోలేదు. నేరుగా పెష్కారు ముందుకు పోయి దారం తీసి చూపించింది.

"ఇయ్యాల్టికి దానికి పన్నెండు నిండినయి సాబ్. ఇగ మీ కాయిదా ప్రకారం పనిలకు పోవచ్చు."

పెష్కారు తల ఎత్తలేదు. ఆమె ఆ ముడి విప్పలేదు, తెంచలేదు. దారాన్ని మళ్లీ నడుముకు చుట్టుకుని, ఇంకో దరఖాస్తు రాయించడానికి పంతులు ఇంటికి నడిచింది. నేనైతే కచేరీకి నిప్పు పెట్టేవాణ్ణి. అగ్గిపెట్టె జేబులోనే ఉంది, బీడీలవాణ్ణి కదా. "కాలవెడ్తే దరఖాస్తులు గూడ కాల్తయి. మళ్ల మొదటికెల్లి రాపియ్యాలె," అంది.

రాజ్యం మారింది. టోపీలు మారాయి. కచేరీలో పుట్టుకల పుస్తకం పెట్టారు, మంత్రసాని మాట రాసుకుంటున్నారు. చెవి కొలత పోయింది. సభలో సేటు ఇదంతా తాను చేయించినట్టే చెప్పాడు. ఇప్పుడు ఆయన షెడ్డులో పిల్లలు లేరన్నది నిజమే. ఆకు, తంబాకు, దారం ఇళ్లకే పంపుతున్నాడు. కాయిదా షెడ్డుకే గాని ఇంటికి లేదు కదా. ఏ సందులోకి పోయినా గడప మీద పిల్లలు మూతులు మడుస్తూ కూర్చున్నారు. అవ్వ చివరి దరఖాస్తు దీని మీదే. అది ఎవరి టీ గ్లాసు కింద ఉందో తెలియదు.

సభ అయ్యాక ఆమె చావు రాయించడానికి కచేరీకి పోయాను. మునీము కూడా వచ్చాడు, సేటు తరఫున. కొత్త గుమాస్తా, చిన్నవాడు. ఆమె కొట్లాడి తెప్పించిన పుస్తకానికి పక్కనే చావుల పుస్తకం. తెరిచాడు. పేరు రాశాడు. తర్వాతి గడి దగ్గర ఆగాడు.

"వయసెంత?"

ఊళ్లో అందరి ముడి ఆమె వేసింది, ఆమె ముడి ఎవరు వేశారో. నడుము దారం అంతా ఆమెతోనే పోయింది.

"అందాజగ డెబ్బై రాయుండ్రి," అన్నాడు మునీము.

గుమాస్తా కలం ముంచాడు. నేను చెయ్యి చాపి ఆ గడి మీద అరచెయ్యి పెట్టాను.

"ఏందన్నా?" అన్నాడు గుమాస్తా. అప్పటికే పెదవి కొస కదులుతోంది. నా సంగతి విని ఉన్నాడు, ఏదో ఒకటి అంటానని చూస్తున్నాడు. నోట్లోకి వచ్చింది కూడా. చెవి అందుతదో లేదో చూసి రాసుకో అని. మింగేశాను.

"అందాజగ రాయొద్దు. ఎవ్వరి వయసు అట్ల రాయనియ్యలే ఆమె."

"గడి ఖాళీగ పెట్టరాదన్నా."

"తెల్వదని రాయి."

"చెప్పింది ఎవరని రాయాలె?"

"నేనే. నా పేరు రాయి."

నా మొహంలోకి చూశాడు. పెదవి మళ్లీ సర్దుకుంది. నేను చెయ్యి తీశాను. మునీము ఏదో అనబోయాడు గాని గుమాస్తా వినిపించుకోలేదు, రాశాడు. కింద సంతకం పెట్టాను.

ఇన్నేళ్లు ఆమె వెంట కచేరీలు తిరిగాను. నా మాటను అక్కడ ఎవరూ నవ్వకుండా రాసుకున్నది ఆ రోజే.